ఎంపిక ప్రశ్న దగ్గర ఆగిన బడి

ఆన్‌ఫిన్ క్వామె పదకొండేళ్లుగా చర్చి పిల్లలకు వేదపాఠం చెబుతున్నాడు. బడికంటూ కట్టడం లేదు. ఒక్కో రైతు ఇంట్లో రెండేసి వారాలు. తిండీ పడకా అక్కడే. అమెరికాలోని మిన్నెసోటాలో ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ నార్వేవాళ్ల పిల్లలంతా ఆయన దగ్గర ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టినవాళ్లే.

1886 చలికాలంలో ఒక్క ప్రశ్న ఆయన ప్రాణం తోడేసింది. రక్షణ పొంది స్వర్గానికి చేరేవాళ్లను దేవుడు ముందే ఎంచుకున్నాడు, సరే. వాళ్లు నమ్ముతారని ముందే చూసి ఎంచుకున్నాడా, ఏదీ చూడకుండా కృపతోనే ఎంచుకున్నాడా? పాస్టర్లు పత్రికల్లో తిట్టుకున్నారు. ఆ తిట్లు వంటింట్లోకీ వచ్చాయి.

"చూసే ఎంచుకున్నాడని పాఠం పుస్తకంలో అచ్చయి ఉంది. ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పించండి మాస్టారూ" అనేవాడు తోర్గెర్ లుండె, బడి తన ఇంట్లో ఉన్నన్నాళ్లూ.

తర్వాత బడి బెరిత్ హౌగెన్ ఇంటికి మారింది. చూడకుండానే ఎంచుకున్నాడనే పక్షం ఆవిడది; తన పిల్లల పుస్తకాల్లో ఆ పేజీని పిండిజిగురుతో అంటించేసింది. కానీ రెండిళ్ల పిల్లలూ కూర్చునేది ఒకే బల్ల దగ్గర. సగం మంది చదువుతుంటే మిగతా సగం చెవులు మూసుకునేవాళ్లు.

ఒకరోజు తోర్గెర్ కూతురు గురి, పదమూడేళ్లది, మెల్లగా అడిగింది. "మాస్టారూ, మరి నన్ను ఎంచుకున్నాడా?"

"ఎంచుకున్నాడమ్మా. అంతవరకు నమ్ము."

సాయంత్రం కూతుర్ని తీసుకెళ్లడానికొచ్చిన తోర్గెర్ గుమ్మంలోనే నిలదీశాడు. "చూసి ఎంచుకున్నాడని చెప్పారా, చూడకుండానా?"

"రెండూ చెప్పలేదు. పిల్ల భయపడి అడిగింది."

"చూడకుండా అని ఎందుకు చెప్పలేదు? మా రొట్టె తింటూ దాటేస్తారా?" అంది పొయ్యి దగ్గర్నుంచి బెరిత్.

"మీరిద్దరూ ఆ పిల్ల ముఖం చూశారా?" అన్నాడు ఆన్‌ఫిన్. వాళ్లు అప్పటికే ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. గురి తలకు గుడ్డ కట్టుకుని బయటికి వెళ్లి మంచు మీద జారే స్లెడ్జిబండిలో కూర్చుంది.

ఆ చలికాలం మొత్తంలో ఆ రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే: క్వామె పనికిరాడని. వసంతానికి రెండు బడులు, ఇద్దరు మాస్టర్లు. ఆన్‌ఫిన్ రైలు స్టేషన్లో గోధుమ బస్తాలు మోసే పనికి కుదిరాడు. నడుము విరిగిపోయేది. అంతకంటే ఆ పదకొండేళ్లూ ఏం నేర్పానన్న ఆలోచన ఎక్కువ నొప్పి పెట్టేది.

గురి చర్చిలో అందరి ముందూ జరిగే వేదపాఠం పరీక్షలో, చూసే ఎంచుకున్నాడన్న జవాబు తడబడకుండా చెప్పిందని, తోర్గెర్ మురిసిపోయాడని ఎవరో చెప్పారు. ఆ పిల్లకు భయం పోయిందా అని ఆన్‌ఫిన్ అడిగాడు. అదెవరికీ తెలియదు.