మా వైపు గోలుకే కట్టిన వల

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ మొదలెక్కడో తెలుసుకోవాలనే పిచ్చి ఉండేది. బస్సెక్కితే ఈ బస్సు ఇంతకుముందు ఏ రూట్లో తిరిగిందని కండక్టర్ని అడిగేవాణ్ణి. ఆరాధన అయ్యాక చర్చి గంట ఎవరిచ్చారో చెప్పమని పాస్టరుగారి వెంటపడేవాణ్ణి (ఆయన నన్ను చూడగానే వెనక తలుపులోంచి వెళ్ళిపోవడం నేర్చుకున్నారు). జువ్వలదిన్నె దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం, ఆదివారాలు ఫుట్‌బాల్, మిగిలిన సమయమంతా ఈ ఆరాలు. ఇంత చేసీ, నేను ఆడే క్లబ్బు ఎప్పుడు పుట్టిందో మాత్రం ఒక్కనాడూ అడగలేదు. నేను దానికి గోల్‌కీపర్ని. ఆ చరిత్రలో నా పేరు ఎక్కడ తగులుతుందోనని భయం కాబోలు.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. పదకొండు మందిమి, పదకొండు చొక్కాలు. సముద్రం వెనక్కి పోయినప్పుడు గట్టిపడే ఇసుక మా మైదానం. మాలో ఎక్కువమంది చర్చికి పోయేవాళ్ళు కనుక ఆరాధన ముగిశాకే ఆట. ప్రసంగం సాగిన ఆదివారం అవతలి జట్టు ఎండలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడేది. గోలంటే రెండు సరుగుడు గుంజలు, పైన అడ్డంగా ఒక వెదురు. వల మాత్రం ఒక్కటే ఉండేది, చేపలకు పనికిరాక మాకు దక్కిన పాత వల. దాన్ని మా వైపు గోలుకే కట్టేవాళ్ళం. సగం ఆటయ్యాక వైపులు మారితే వల విప్పి, నలుగురం మోసుకెళ్ళి, మళ్ళీ మా వైపే కట్టుకునేవాళ్ళం. ఇదేం పద్ధతని ఒకసారి బయటి జట్టువాళ్ళు అడిగితే, పడవ నడిపే మా కెప్టెన్ (మేమంతా సరంగన్న అనేవాళ్ళం) వాళ్ళని వింతగా చూసి, "మన వల తీసుకపొయ్యి పక్కోడి పడవలో ఏస్తామా ఏంది?" అన్నాడు. ఆ జవాబు మాకందరికీ బ్రహ్మాండంగా తోచింది.

ఇలా ఉండగా కావలిలో ఆదివారం లీగులో ఒక చోటు ఖాళీ అయిందని తెలిసింది. చేరాలంటే క్లబ్బుకు కనీసం ఐదేళ్ళ చరిత్ర ఉన్నట్టు కమిటీకి చూపించాలి. అప్పటికే మావాళ్ళు ఐదుగురు కృష్ణపట్నం పోర్టు పనుల్లో చేరారు. "లీగుంటే ఆదివారం ఎట్టయినా వస్తాం, ఊరికే ఇసకలో ఎగరడానికయితే రాలేం" అని తేల్చి చెప్పేశారు. అంటే చోటు దొరక్కపోతే మా క్లబ్బు అక్కడితో సరి. సరంగన్న నా భుజం మీద చెయ్యేసి, "అందరి పుట్టు పూర్వోత్తరాలు నీకే గదరా కావాల. మనయ్యి కూడా రాయి" అన్నాడు. నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది.

వారమంతా తిరిగాను. రిజిస్టరు లేదు, రసీదు లేదు. ఉన్న ఒకే ఒక్క ఫోటోలో అందరి కాళ్ళూ పడ్డాయి గాని తలలు పడలేదు. సరంగన్న పదేళ్ళయిందన్నాడు. ఇంకొకడు తుఫాను తర్వాత మొదలెట్టామన్నాడు. ఏ తుఫానని అడిగితే పెద్దదన్నాడు. మా తీరంలో చిన్నదని ఒప్పుకున్న తుఫాను ఏదైనా ఉందా?

సోమవారం పొద్దున, అలవాటు ప్రకారం, చిరిగిన వల భుజానేసుకుని వలలత్త ఇంటికి పోయాను. ఆమె ఎవరికీ సొంత అత్త కాదు. ఊళ్ళో వలలు బాగుచేస్తుంది గనక అందరికీ వలలత్త. ఆదివారం సూది ముట్టదు, అందుకని మా వల సోమవారం వైద్యానికి పోయేది. నా మొహం చూసి, "ఏంది అబ్బయ్యా, ఎవురన్నా పొయ్యినారా?" అంది. విషయం చెప్పాను. ఆమె వలను ఒళ్ళో పరుచుకుని, "వాళ్ళనీ వీళ్ళనీ అడగతావెందుకు? ఇదో, ఈ పచ్చదారం చూడు. మా తమ్ముడు కొత్త పడవ దించిన యేడు. అప్పుడే గదా మీవోళ్ళు ఈ వల మొదట తెచ్చింది? ఈ నీలం మా చిన్నదాని పెళ్ళి యేడుది" అంటూ వేలు పెట్టి చూపించింది. ఆమె మా చిరుగులకు వాడేది పడవలవాళ్ళ వలలు కుట్టగా మిగిలిన దారం. ఏ యేడు ఏ రంగు మిగిలితే ఆ రంగు. నేను లెక్కపెట్టాను. ఏడు రంగులు! ఏడేళ్ళ చరిత్రను ప్రతి సోమవారం భుజాన మోస్తూ ఊరంతా వెతికానన్నమాట. సంతోషంతో అత్త చేతులు పట్టుకుని ఊపేశాను. "సూది గుచ్చుకుంటాది, ఉండు" అని కసిరింది.

వలను గోతంలో కుక్కి, అత్తను వెంటబెట్టుకుని కావలి బస్సెక్కాను. కండక్టరు ముక్కు మూసుకుని, "ఎండుచేపలా?" అన్నాడు. "కాదు, ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర" అన్నాను. మమ్మల్ని వెనక సీట్లోకి పంపించాడు.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. వాళ్ళ బల్ల మీద వల పరిచాం. అత్త ఒక్కో రంగూ చూపిస్తూ, పడవలతో, పెళ్ళిళ్ళతో సహా ఏడేళ్ళూ అప్పజెప్పింది. మాస్టారు ఒక పెద్ద అతుకు మీద వేలు పెడితే, "అది మేక కొరికింది సార్, లెక్కలోకి రాదు" అని నిజాయితీగా తీసేసింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని నన్నడిగారు, "మిగతావన్నీ గోల్స్ పడి చిరిగినవేనా?"

"అవునండీ" అన్నాను ఉత్సాహంగా.

"వల ఎవరి వైపు కడతారు?"

"ఎప్పుడూ మా వైపేనండీ."

అప్పుడు చూశాను ఆ వలను. పచ్చ, నీలం, నారింజ... సందు లేదు. అవన్నీ మాకు పడిన గోల్సే. నేను గోల్‌కీపర్నయ్యాక పడిన చివరి మూడు రంగులూ అచ్చంగా నావి. సిగ్గుతో వల అంచు మడవబోయాను. అత్త మాత్రం నా వీపు తట్టి, "ఈ పిల్లోడే సార్ గోల్‌కీపరు" అంది, ఏదో కలెక్టరును పరిచయం చేస్తున్నట్టు.

మాస్టారు నవ్వలేదు. "ఇన్ని పడినా మళ్ళీ వచ్చే ఆదివారానికి వల కట్టేవాళ్ళా?" అని ఆమెనే అడిగారు. "ఒక్క సోమవారం కూడా వల రాకుండా ఉండలేదు సార్" అంది అత్త. ఆయన కాగితం తీసి మా క్లబ్బు పేరు రాసుకున్నారు. రెండో గోలుకు కూడా వల కట్టాలనేది ఒక్కటే షరతు.

కొత్త యేడు మొదలయ్యాక లీగులో మొదటి ఆట మా ఇసుక మీదే. ఒక్క గోలు తేడాతో గెలిచాం. నా వెనక వలకు చిన్న చిరుగు కూడా పడలేదు. సోమవారం ఉట్టి చేతులతో అత్త ఇంటికి పరిగెత్తాను. ఆమె ఎర్రదారం సూదికి చుట్టుకుని కూర్చునుంది.

"వల యాడరా?"

"చిరగలేదత్తా! గెలిచినాం!"

"సంతోషం నాయనా" అంది. నిజంగానే సంతోషపడింది. తర్వాత సూదికి చుట్టిన దారాన్ని మెల్లగా విప్పుతూ, "ఈ యేటి దారం యాడా పడలేదే. రేపెవురన్నా చూస్తే ఈ యేడు మీరు ఆడలేదనుకుంటారు" అంది.

తర్వాతి ఆదివారం నాకు మూడు గోల్స్ పడ్డాయి. మొదటి రెండూ వాళ్ళ గొప్పతనం. మూడోది, ఆటింకా ఒక్క నిమిషముందనగా, ఎటూ ఓడిపోయామని తేలిపోయాక, తిన్నగా నా చేతుల్లోకే వచ్చింది. ఆ వల ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అత్త లేదు. అప్పుడప్పుడు వలను దులిపి ఎండలో వేస్తాను. అందులో ఆ ఆట తాలూకు ఎర్రదారం అతుకులు మూడున్నాయి. ఆ మూడో బంతిని ఎందుకు వదిలేశానో, ఇన్ని ఆరాలు తీసినవాణ్ణి, నన్ను నేను ఇప్పటిదాకా అడగలేదు.