నేను వెళ్లని వంతెన పని

మొన్న ఆదివారం సీతమ్మధారలో మా ఇంట్లో కాఫీ తాగుతూ ఉండగా మా అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టింది. ఆఫ్రికాలో ఎక్కడో కొండల నడుమ పిల్లలు ఏరు దాటి బడికి వెళ్లేందుకు వేలాడే వంతెన కట్టడానికి, సెలవు పెట్టుకుని తోటి ఇంజనీర్లతో వెళుతోంది. ఖర్చులకు విరాళాలు కావాలని ఒక లింకు పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా తెల్లారేసరికి కావలసినంతా వేసేశారట. నన్నూ ఏదో ఒకటి వెయ్యమంది. వేశాను. వేశాక కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

ఎందుకంటే, దాని వయసులో నేనూ ఆఫ్రికాలోనే అలాంటి వంతెన పనికి బయలుదేరాను. అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు, స్టీలు కట్టడాల డ్రాయింగులు గీసే ఆఫీసులో ఉద్యోగం. ఖర్చులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు తీసుకెళ్లేవాళ్లు. మన రోజుల్లో లింకులెక్కడివి? భీమిలిలో మా నాన్న, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, మేడ మీద పాకించిన గుమ్మడిపాదు నుంచి పెద్ద కాయ కోసి కోతల పండుగకు చర్చికి మోసుకొచ్చారు. ఆ పండుగ ఎరుగనివాళ్ల కోసం చెబుతున్నాను: ఎవరింట పండినది వాళ్లు తెచ్చి అర్పిస్తారు, ఆరాధన కాగానే వేలం వేస్తారు, పాడుకున్నవాళ్లు ఉత్సాహం కొద్దీ ఆ వస్తువును తిరిగి ఇచ్చేస్తే అది మళ్లీ వేలానికొస్తుంది. ఆ ఏడు పాస్టరుగారు మా నాన్న కాయ మీద వచ్చే సొమ్మును నా ప్రయాణానికి వదిలేశారు. "ఏటే, ఆ దేశపోలు ఏరు దాటడానికి మన గుమ్మడికాయేటే!" అని నవ్వుతూనే మా పిన్ని మొదటి పాట పాడింది. పాడుకున్న ప్రతివాళ్లూ తిరిగి ఇచ్చేస్తుంటే సాయంత్రం దాకా ఆ కాయ ఎవరింటికీ వెళ్లలేదు. చివరికి పాస్టరుగారి భార్య పాడుకుని, ముక్కలు కోయించి అందరికీ పులుసు పెట్టించింది.

ఇక తయారీ. ఎత్తు మీద కళ్లు తిరగకూడదని రోజూ కైలాసగిరి మెట్లు ఎక్కి దిగేదాన్ని. బరువైన బూట్లు కొన్నాను, అవి చూసి మా ఆయన పోలీసు ఉద్యోగమా అని ఏడిపించేవారు. మిగిలింది ఎల్లో ఫీవరు టీకా ఒక్కటే. అది లేనిదే ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. పోర్టు దగ్గర ఓడలవాళ్లకు వేసేచోట వేస్తారంటే వెళ్లి వాళ్ల వరసలోనే నిలబడ్డాను. నా వంతు వచ్చాక డాక్టరమ్మ అందరినీ అడిగేవే అడుగుతూ, నెల తప్పిందా అనగానే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. ప్రయాణం హడావుడిలో ఆ ధ్యాసే లేదు. పరీక్ష చేయించుకుని రమ్మంది, చేయించుకుంటే తేలిపోయింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఆ టీకా వెయ్యరు.

ఇంట్లో పండగే పండగ. అత్తగారు పాయసం వండారు, పిన్ని నన్ను పట్టుకుని ముద్దులు పెట్టుకుంది, చర్చిలో అందరూ దేవుడే ఆపాడన్నారు. నా బదులు ఆఫీసులో ఒకబ్బాయి వెళ్లాడు, వంతెన లేచింది, ఎవరి సొమ్మూ వృథా కాలేదు. నేనూ నవ్వాను, బిడ్డ కావాలని నాకూ ఉంది, అది అబద్ధం కాదు. కానీ ఆ వంతెన పేరెత్తి అయ్యో అన్నవాళ్లు ఒక్కరు లేరు, మా నాన్న తప్ప. భీమిలి వెళ్లి తిరిగొస్తుంటే నన్ను బస్సెక్కించడానికి వచ్చి, బస్సు కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడి, "ఎల్లాల్సిందమ్మా నువ్వు" అన్నారు. అక్కడి నుంచి ఇంటి దాకా ఏడుస్తూనే ఉన్నాను.

తర్వాత ఎప్పుడూ కుదరలేదు. చంటిబిడ్డ, అత్తగారి మంచం, ప్రమోషన్లు, ఆఖరికి ఈ మోకాళ్లు. ఆనాటి చంటిబిడ్డే ఇప్పుడు వెళుతోంది. తిరిగొచ్చాక అది ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నాకు మటుకు చర్చి చర్చంతా తోడొచ్చింది, వెళ్లలేకపోయాక ఆ అందరికీ మొహం చూపించవలసీ వచ్చింది. ఆ రోజులే బాగున్నాయని అనలేను, ఇవే నయమనీ అనలేను. సంతోషంగా ఉంది, అసూయగానూ ఉంది. ఈ వయసులో దాచుకోవడం ఎందుకు?

నిన్న పెట్టె సర్దుకుంటూ, నువ్వెందుకు వెళ్లలేదమ్మా అప్పుడు, అని అడిగింది. వీసా రాలేదన్నాను.