ఒక్క ఆవు ఉన్నోళ్ల పండగ

పుంగనూరు సంతకు వచ్చే పశువుల బేరగాళ్లలో పాపక్క గొంతు తెలియనివాడు లేడు. ఒకప్పుడు ఆమె టమోటాలు కోసే కూలికి పోయేది. ఇరుగింటోళ్ల ఆవును మేపి పెంచినందుకు, దాని రెండో ఈతలో పుట్టిన పెయ్యదూడ ఆమె వంతుకొచ్చింది. ఆ దూడే గౌరి. నడుమెత్తు కూడా లేని పుంగనూరు పొట్టి ఆవు. దాని పాలతోనే పాపక్క ఇల్లు నిలబెట్టుకుంది.

పోయినేడు మదనపల్లెలో ఎవరో పెద్ద పశువుల ప్రదర్శన పెట్టినారు. పాపక్క గౌరి కొమ్ములకు రంగు పూసి, మెడలో గంట కట్టి, టెంపోలో ఎక్కించుకుని పోయింది. ముందు వరసలన్నీ మందలున్నోళ్లవి. "ఒక్క ఆవేనా అమ్మా? అట్లయితే ఆ చివర్లో కట్టేయండి" అన్నారు. సాయంత్రం దాకా ఎండలో నిలబడినా జడ్జీలు ఆ పక్కకే తిరగలేదు.

"పోనీలే, ఇంక అట్లాంటివాటికి పోవద్దు" అన్నాడు మొగుడు కృష్ణప్ప, తిరిగొచ్చే దారిలో.

"పోను. మన పండగ మనమే చేసుకుందాం. ఒక్క ఆవు, రెండు మేకలు, నాలుగు కోళ్లు ఉండే వాళ్లకే."

కృష్ణప్ప నవ్వినాడు. పాపక్క నవ్వలేదు.

టమోటా తోట పీకేసిన ఒక చేను అడిగి పెట్టుకుని, ఊరూరూ తిరగడం మొదలుపెట్టింది. పక్క పల్లె పెద్దాయన నారాయణప్ప మాత్రం మొహం మీదే చెప్పేసినాడు.

"పాలిచ్చే ఆవును పదిమందిలో నిలబెడితే దిష్టి తగల్దా? రేపు అది పాలు చేపకుంటే నువ్వొచ్చి పోస్తావా మా ఇంటికి?"

అందరి భయమూ అదే. పాపక్క వాదించలేదు. గౌరి నుదుటన తనూ రోజూ మసిబొట్టు పెట్టేదే గదా.

"నువ్వు చెప్పేది నిజమేనప్పా. గేటు కాడ మా ఊళ్లో దిష్టి తీసే పూలమ్మవ్వను కూసోబెడతా. వచ్చే పశువుకూ పోయే పశువుకూ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి నిప్పుల్లో వేస్తాది. సాలునా?"

ఆ మాట ఊళ్లలో పాకి, పండగకు పేర్లు చెప్పేవాళ్లు ఎక్కువైనారు.

పండగ దగ్గరికొచ్చింది. శామియానా చెప్పినారు, వంటోళ్లకు చెప్పినారు. అప్పుడు పొరుగూర్లో రెండు ఆవులకు గాలికుంటు తగిలింది. నోట్లో పుండ్లు, గిట్టల నడుమ పుండ్లు. పశువుల డాక్టరు హరిత పాపక్క ఇంటికే వచ్చింది.

"పశువులను ఒక చోట చేర్చొద్దు పాపక్కా. ఒకదాన్నుంచి అన్నిటికీ అంటుకుంటాది."

"అన్నీ సిద్ధం చేసినామమ్మా!"

"తెలుసు. అయినా వద్దు."

ఆ సాయంత్రం "పండగ పెట్టకముందే దిష్టి తగిలింది సూడు" అని నారాయణప్ప టీ అంగడి కాడ అన్నాడని ఎవరో చెప్పినారు. ఆ మాటకు పాపక్కకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. తెల్లారి పశువుల ఆస్పత్రికి పోయి నిలబడింది.

"పండగ ఇప్పటికి ఆపుతా డాక్టరమ్మా, మాననైతే మానను. ఏం చేస్తే పెట్టుకోవచ్చో చెప్పు."

"అన్నిటికీ టీకాలు వేయించాల. కొత్తగా దేనికీ రాకుంటే వచ్చే నెల్లో సూద్దాం."

మరుసటి రోజు నుంచి హరిత స్కూటరు వెనక టీకాల ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది పాపక్క. ముక్కుతాళ్లు పట్టింది, తన్నులు తినింది. వద్దన్నోళ్లకు ఒకటే మాట: "టీకా లేని పశువుకు మన పండగలో చోటు లేదు."

నారాయణప్ప ఆవును లోపల కట్టేసి వాకిట్లో నిలబడినాడు. "టీకా వేస్తే పాలు తగ్గుతాయి."

"తగ్గుతాయి, రెండు మూడు దినాలు. గాలికుంటు వస్తే ఈ ఈత పాలన్నీ పోతాయి. ఏది కావాల్నో నువ్వే చెప్పప్పా."

ఆయన గడ్డం గోక్కుంటా తనే లోపలికి పోయి ఆవును పట్టుకొచ్చినాడు.

జబ్బు ఆ పల్లెల్లోకి రాలేదు. ఆలస్యమైనా పండగ జరిగింది. కోళ్లు గంపల్లోంచి తప్పించుకున్నాయి, ఒక మేక రంగుకాగితాల తోరణం తినేసింది, మైకు రెండుసార్లు మూగబోయింది. మొదటి బహుమతిగా పెట్టిన పాలక్యాను, కూలికి పోయే మునిలక్ష్మి ఆవుకొచ్చింది. రెండోది నారాయణప్పకు. "నా ఆవుకేం తక్కువ?" అని ఆయన పొద్దుగూకే దాకా, బహుమతులు తేల్చిన హరితతో గొడవేసుకున్నాడు. ఆ గొడవ వింటా పాపక్క కడుపుబ్బా నవ్వింది.

కోళ్ల గంపతో కుప్పం నుంచి బస్సులో వచ్చిన ఉష అనే ఆమె అప్పుడే దగ్గరికొచ్చింది.

"అక్కా, మా పక్క కూడా ఇట్లా పెట్టుకోవాలని ఉండాది. ఒకసారి వస్తావా?"

"యాల రాను? వస్తా!" అంది పాపక్క.

తర్వాతి సోమవారమే పాలు పిండి, గౌరిని కృష్ణప్పకు అప్పజెప్పి, కుప్పం బస్సెక్కింది.