తాడు లేని పడవ

యావో సూమెయ్ కట్టిన ఇల్లు ఏదీ గంటసేపు నిలిచిన పాపాన పోలేదు. వెదురు బద్దలు అల్లి, రంగు కాగితం అంటించి, చనిపోయినవాళ్లకి ఇళ్లూ గుర్రాలూ ఈమధ్య సెల్‌ఫోన్లూ పంపించడం ఆమె వృత్తి. షావోషింగ్ దగ్గర ఆ కాలువల ఊళ్లో ఎవరు పోయినా ఆమె గుమ్మం తొక్కాల్సిందే. కాలిస్తే వస్తువు అవతలికి చేరుతుంది. ఎలా చేసి కాలిస్తే అలాగే చేరుతుంది. మూత లేని కుండ కాలిస్తే అక్కడ మూత లేని కుండే దిక్కు. అందుకే ఒకటికి పదిసార్లు చూసుకునేది. అంత జాగ్రత్త మనిషి కట్టుకున్నవాడి దగ్గరే తప్పు చేసింది.

మొగుడు బావోగెన్ ఆ కాలువలో పడవ నడిపేవాడు. ఒక మంచు పొద్దున సూమెయ్ పెరటి మెట్ల మీద ఆకుకూర కడుగుతుంటే ఆయన పడవ వచ్చింది. వెనక భాగాన తెడ్డు మీదికి ఒరిగి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుంది.

"ఏమయ్యోయ్, నిద్రపోతున్నావా? తాడు వెయ్యి!" అని అరిచింది.

ఆయన వెయ్యలేదు. పడవ మెట్లను రాసుకుంటూ సొంతింటిని దాటి, వంతెన కింది నీడలోకి నెమ్మదిగా వెళ్లిపోయింది. గుండె అప్పటికే ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

ఏడో రోజుకి సూమెయ్ కాగితం పడవ కట్టింది. గూడు, తెడ్డు, ఆయన టీ ఫ్లాస్కు, సారా బుడ్డి, ఏదీ మరిచిపోలేదనుకుంది. మెట్ల మీద అది భగ్గున అంటుకుని బూడిద నీళ్లలో రాలుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. పడవ కట్టే తాడు చెయ్యలేదు. తన నోటితో తాడు వెయ్యమని అరిచిన మనిషి, ఆయనకి తాడే పంపలేదు.

ఆ వారంలోనే కుడి చెవిలో చప్పుడు మొదలైంది. సూఁ... సూఁ... తెడ్డు నీళ్లను కోస్తున్నట్టు.

పక్కింట్లో అదె అనే ముసలి పడవవాడు ఉండేవాడు, ఈ సంగతి విని పగలబడి నవ్వాడు. "చచ్చినా మీ ఆయన పని మానలేదన్నమాట! కిరాయి ఎవరిస్తున్నారో కనుక్కో."

"నీకు ముందు వరసలో చోటు ఉంచమంటాలే, తొందరపడకు," అని సూమెయ్ జిగురు కుంచె విసిరింది.

నవ్వులాట నవ్వులాటే. పడుకుంటే ఆ చప్పుడు దగ్గరికొచ్చేది. మెట్లెక్కితే తెడ్డు జోరందుకునేది. ఆమె భయపడితే ఇంకా గబగబా వేసేవాడు. వస్తున్నాడని భయం, భయపడినకొద్దీ ఇంకా వేగంగా రావడం. మెడ పక్కన వేలితో నొక్కితే చప్పుడు టక్కున ఆగేది. మొదటిసారి ఆగినప్పుడు ఆమె ఒళ్లు జల్లుమంది. చీకట్లో, నడి నీళ్లలో, ఆయన తెడ్డు ఆపి తనవైపే చూస్తున్నట్టనిపించింది. గభాలున వేలు తీసేసింది. సూఁ...

కాగితం తాళ్లు పేని కాల్చింది. మూరలకి మూరలు కాల్చింది. లాభం లేకపోయింది. విడిగా పంపిన తాడు నడి నీళ్లలో ఉన్నవాడికి ఎలా అందుతుంది?

నిద్ర కరువైంది. ఒకరోజు కూతురు హుయ్‌ఫాంగ్ వచ్చి, అంగట్లో పెట్టిన కాగితం మేడ చుట్టూ తిరిగి చూసింది. "అమ్మా, దీనికి తలుపేదే? పోయిన ఆ ముసలావిడ ఎటు నుంచి వెళ్తుంది లోపలికి? ఇంక నీ మాట వినను, పద షాంఘైకి," అంది.

షాంఘైలో ఫాన్ అనే డాక్టరమ్మ సూమెయ్ చెవిలో సన్నని గొట్టం పెట్టి, రెండో కొసన ఉన్న స్పీకరు హుయ్‌ఫాంగ్‌కి ఇచ్చింది. హుయ్‌ఫాంగ్ నవ్వుతూనే అందుకుంది. కాసేపటికి మొహం పాలిపోయింది.

"అమ్మా... ఇది నాన్న తెడ్డే."

"తెడ్డు కాదమ్మా, రక్తం," అంది డాక్టరు. చెవి వెనక పెద్ద సిర ఒకటి ఉంటుందని, దాని మీది ఎముక అరిగి, సిర సంచిలా బయటికి ఉబ్బిందని, గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఆ సంచిలో సుడి తిరుగుతోందని బొమ్మ చూపించి చెప్పింది.

"గుండె ఎవరిది?" అంది సూమెయ్.

"మీదే పిన్నీ. ఇంకెవరిది?"

ఆ ఉబ్బును లోపలికి నొక్కి, అరిగినచోట ఎముక పొడితో అతుకు వెయ్యాలి. నిద్రపుచ్చరు, చెవి వెనక మాత్రం తిమ్మిరెక్కిస్తారు. చప్పుడు ఆగిందో లేదో ఆమే చెప్పాలి.

"ఆగిన వెంటనే చెప్పండి పిన్నీ. ఆగినా ఆగలేదంటే నేనింకా నొక్కుతాను. రక్తం దారి మూసుకుపోతే ప్రాణాల మీదికొస్తుంది."

సూమెయ్ తలూపింది. ఒడ్డు చేరనివాణ్ణి నడి నీళ్లలో ఆపెయ్యాలి. అదీ తన నోటితోనే చెప్పాలి.

ఊరికొచ్చి మళ్లీ కాగితం పడవ కట్టింది. ఈసారి ముందు తాడు పేని, తర్వాతే పడవ మొదలుపెట్టింది. ఆపరేషన్ రోజు పొద్దున్నే కాల్చమని అదెకి అప్పగించింది. "మరిచిపోయావో, నీకు కట్టే పడవకి అడుగుండదు," అంది. అదె ఎందుకో ఈసారి నవ్వలేదు.

బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఎముక గీకుతుంటే పుర్రెలో ఎవరో వెదురు చీలుస్తున్నట్టుంది. తెడ్డు జోరుగా పడుతోంది.

"నొక్కుతున్నాను. ఇప్పుడెలా ఉంది?"

"వస్తున్నాడు."

"ఇప్పుడు?"

తగ్గింది. సన్నగా, దూరంగా వినిపిస్తోంది. అదె కాల్చాడో లేదో. తడిసిపోయిందో ఏమో. సూమెయ్ పెదాలు కదిలాయి. "తాడు వెయ్యవయ్యా," అంది.

"ఏమన్నారు పిన్నీ?"

చప్పుడు లేదు. ఒక్క ఊపిరి సేపు ఆమె పలకలేదు. ఆ ఒక్క ఊపిరీ తనకోసం ఉంచుకుంది. డాక్టరు వేలు ఇంకాస్త బరువెక్కబోతుంటే, "ఆగింది," అంది. కన్నీళ్లు ముక్కు మీదుగా జారి బల్ల మీద పడ్డాయి.

కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చేసరికి అదె పెరటి మెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"కాల్చేముందు అలవాటు కొద్దీ నేను తాడును మెట్ల దగ్గర పడవలు కట్టే కడియానికి కట్టేశానమ్మా. కట్టని పడవను వదిలెయ్యడం మా చేతులకి రాదు. పడవంతా కాలిపోయింది. తాడు మాత్రం కాలలేదు. నువ్వు వచ్చి చూసేదాకా ముట్టుకోకూడదనుకున్నాను."

ఇనప కడియం నుంచి కాగితం తాడు నీళ్ల వైపు సాగి ఉంది. రెండో కొస నీళ్లలోకి దిగింది. అన్ని రోజులు తడిసినా మెత్తబడలేదు. అవతల బరువేదో కట్టినట్టు బిగిసి ఉంది.

సూమెయ్ ఆ తాడు పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇల్లు చేరాడు, సంతోషించాలి. చెయ్యి అలవాటుగా మెడ మీదికి వెళ్లింది. నొక్కింది, వదిలింది. మళ్లీ నొక్కి వదిలింది. ఏమీ వినిపించలేదు.