తప్పు! మళ్ళా చదువు

కృష్ణగిరిలో మా మేనత్త ఇంట్లో వేసవి సెలవులంటే, ముందు కథ చదివి వినిపించాలి, ఆ తర్వాతే మామిడిపండు. పిల్లలకు చదివే అలవాటు చేయడానికే తాను పుట్టానని ఆమె నమ్మకం. మా ప్రాణాలు తీయడానికని మాది.

చింతపండులో గింజలు తీస్తూ, పుస్తకం వైపు కన్నెత్తైనా చూడకుండా వినేది. కథ మంచి పట్టులో ఉండగా, "తప్పు! మళ్ళా చదువు పాపా" అనేది. ఎన్ని పుస్తకాలు కంఠస్థం చేసిందో మహాతల్లి అని హడలిపోయి, ఆ పేజీ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం.

డెబ్బై ఎనిమిదిలో, నా పన్నెండో ఏట, కసికొద్దీ సొంతంగా ఒక కథ అల్లి, పుస్తకం పేజీలు తిప్పుతూ చదివినట్టే చెప్పాను. మహాపండితురాలు ఒక్క తప్పూ పట్టలేకపోయింది. గర్వంగా రెండు పండ్లు తిన్నాను.

మరునాడు హోసూరు నుంచి తెలుగులో అచ్చేసిన పెళ్ళిపత్రిక వచ్చింది. అత్త దాన్ని నా చేతికిచ్చింది.

"ఎవురిదో చూడు పాపా. నేను చదివింది అరవబడిలో, తెలుగు అక్షరాలు నాకు యాడొస్తాయి?"

"మరి మా తప్పులు ఎట్లా పట్టినావత్తా?"

"తప్పులు యాడున్నాయి? బాగుండే చోటు ఇంకొకసారి విందామని అట్లంటాను. ఊరికే మళ్ళా చదవమంటే మీరు చదువుతారా?"

పెళ్ళిపత్రిక విప్పుతుంటే నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నా కథ మొదటినుంచి చివరిదాకా ఆమె ఒక్కసారైనా 'తప్పు' అనలేదు.