కర్నల్ పందేనికి రాని ఆదివారం

ఎర్మెలిందాకు గుర్రమంటే అసూయ అని ఊరంతా చెప్పుకుంది. మొగుడు సతుర్నీనో రోజూ కర్నల్ అనే ఆ గుర్రం మూతిని ముద్దుపెట్టుకుంటాడనీ, పెళ్ళాం మొహం పెళ్ళినాడు తప్ప చూడలేదనీ, ఆ కడుపుమంటతోనే ఆవిడ దూరపు పందెం రోజున గుర్రాన్ని లాయంలో పెట్టి తాళం వేసిందనీ, గొట్టంతో మాతే తేనీరు పీల్చే ప్రతి గుమ్మంలోనూ అదే మాట.

చలికాలం నుంచీ ఆ గుర్రం ఎన్ని నీళ్ళు పెట్టినా తాగేది. లాయం నేల ఎప్పుడూ ఉచ్చతో చిత్తడే. డొక్కలు బయటపడ్డాయి. ఆ ఊళ్ళో గుర్రాల సంగతి తెలియని మగాడు లేడు కాబట్టి అందరూ సంతోషించారు. బాగా తాగే గుర్రానికి దమ్మెక్కువ అన్నారు. ఎముకలు కనబడితే ఒళ్ళు తేలికపడిందన్నారు.

మంగలి ఎవారిస్తో మాత్రం కాస్త అనుమానపడి, దాని నడుం మీద బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాడు. గుర్రం కదల్లేదు.

"కిడ్నీలు ఇనుమే దోన్ సతుర్నీనో!" అని తేల్చేశాడు.

అక్కడ కిడ్నీ పరీక్ష అంటే అదే. అయినా సతుర్నీనో ముందుజాగ్రత్తగా నడుముకి గొర్రెతోలు కట్టాడు. కాలు కుంటకుండా తవుడులో రోజూ నొప్పుల పొడి కలిపాడు.

శనివారం సాయంత్రం కళ్ళెం తీస్తూ ఎర్మెలిందా ఆగిపోయింది. గుర్రం పళ్ళ నిండా గార. ఊపిరిలో ముక్కు మండే ఘాటు.

"ముసలోడా, రేపు దీన్ని పరిగెత్తిస్తే చచ్చిపోద్ది. డాక్టరుకి చూపించు."

"ఎందుకే?"

"నోరు కంపు కొడతంది."

"నీ నోరేమన్నా పొద్దున్నే గులాబీ తోటా? నిన్నెవరికైనా చూపించానా?"

పక్కనే మాతే పీలుస్తున్న ఎవారిస్తో పొలమారేలా నవ్వాడు. "పందెం కాళ్ళతో పరిగెత్తేది దోన్యా! నోటితో అయితే నిన్నే దింపేవాళ్ళం!"

తెల్లారి, మొగుడు మెడకి ఎర్ర రుమాలు కట్టుకుంటుండగా, ఎర్మెలిందా లాయానికి తాళం వేసి, తాళంచెవి రవికెలో దోపుకుని గుమ్మంలో కూచుంది.

"ఇవ్వవే, జనం చూస్తన్నారు!"

"డాక్టరొస్తే ఇస్తా."

జనం చూస్తున్నారు కాబట్టే సతుర్నీనో ఆ తాళంచెవి జోలికి పోలేకపోయాడు.

పందెం ముగిశాక డాక్టరు వచ్చి, నెత్తురు తీసి పరీక్షకు పంపాడు. కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయని తేలింది. ఆ నొప్పుల పొడి వాటిని ఇంకా చెడగొడుతుందని మానమన్నాడు, పరుగూ మానమన్నాడు.

"నడుం నొక్కి చూశాం గదా డాక్టరూ!" అన్నాడు సతుర్నీనో నీరసంగా.

"మీరు నొక్కింది కండని. కిడ్నీ లోపలెక్కడో ఉంటుంది."

ఎవారిస్తో ఆ మాట నమ్మలేదు. ఊరికీ అసూయ కథే నచ్చింది. కర్నల్ ఇప్పుడు ఇంటి వెనక గడ్డి మేస్తోంది.

ఎర్మెలిందా తండ్రి కిడ్నీలు చెడి చనిపోయాడు. చివరి రోజుల్లో ఆయన నోరు తుడిచింది ఆమే. అప్పుడూ అదే వాసన.