ఆయన గుర్తులో లేని గుడి

విజయవాడ వన్ టౌన్‌లో మాది కుట్టుసామాను హోల్‌సేల్ కొట్టు. దారపు రీళ్ళు, బొత్తాలు, జిప్పులు, లైనింగు గుడ్డ అమ్ముతాం. గల్లాపెట్టె దగ్గర మావారు కూర్చుంటారు, సరుకు సంగతి నేను చూస్తాను. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక ఆయన ఫోన్‌ని ఓ దారపు డబ్బాకి ఆనించి ఈజిప్టు గుళ్ళ వీడియోలు చూసేవారు.

"వేల ఏళ్ళ కిందట వేసిన రంగు ఇంకా పోలేదంటే చూడాలనిపించదా?" అనేవారు.

రంగు దారాలు అమ్మే మనిషి. ఎండకి వెలిసిపోయిన రీళ్ళు వాపసు తీసుకుని తీసుకుని విసిగిపోయిన మనిషి. ఆ ఆశ్చర్యం నాకు అర్థమయ్యేది.

పోయినేడాది ఈస్టరుకి ముందు, తపస్సు కాలంలో మా అత్తగారు పోయారు. ఆవిడ ఉయ్యూరులో మా మరిది ఇంట్లో ఉండేవారు. ప్రతి ఆదివారం గుడిలో పూజ కాగానే మేం బండి మీద ఉయ్యూరు వెళ్ళి, ఆవిడతో కలిసి భోంచేసి వచ్చేవాళ్ళం. ఆవిడ పోయాక ఆదివారాలు ఆయనకి ఏమీ తోచేది కాదు. ఊరికే అలమర తీసి మూసేవారు. చూడలేక నేనే అన్నాను, "ఆ ఈజిప్టేదో వెళ్ళొద్దాం పదండి" అని. గుంపుతో వెళ్తే గోడగోడకీ ఆగే ఈయన్ని వదిలేసి బస్సు వెళ్ళిపోతుంది. అందుకని మా ఇద్దరికీ విడిగా ఒక కారు, డ్రైవరు, గైడు ఉండేలా ఏర్పాటు చేయించుకున్నాం.

అన్నానే గానీ, బయల్దేరింది మొదలు నాకు భయమే. విమానం భయం, భాష తెలియని చోట దారి తప్పుతామేమోనన్న భయం. అక్కడి గుళ్ళు చూశాక ఇంకో రకం భయం. మన గుళ్ళలో జనం ఉంటారు, గంట మోగుతుంది, కొబ్బరి వాసన వస్తుంది. అక్కడ మనిషి చేతులు చాచి పట్టుకున్నా కౌగిలికి అందని స్తంభాలు, వాటి మధ్య చీకటి, అంతే. నేను సంచిలో జపమాల వేలికి చుట్టుకుని నడిచేదాన్ని.

గైడు నలభై ఏళ్ళావిడ. తలకి స్కార్ఫు కట్టుకుని, నిదానంగా, మాకు అర్థమయ్యే ఇంగ్లీషులో మాట్లాడేది. డ్రైవరు పెద్దాయన, నోరు విప్పడం తక్కువ. లక్సర్ ఊళ్ళో గుళ్ళు చూపించాక, ఉత్తరాన నది వెంబడి ఉన్న డెండెరా గుడికి తీసుకెళ్ళారు. పొద్దున్న దారిలో గైడు కొనిచ్చిన నారింజపళ్ళు కారులోనే ఒలుచుకుని తిన్నాం. మావారు వీడియోల్లో ఎక్కువసార్లు చూసింది దాన్నే.

లోపల అడుగుపెట్టగానే ఆయన తల పైకెత్తి అలాగే నిలబడిపోయారు. కప్పంతా నీలం. పొగమసి కడిగి తీశారట, కింద రంగు బయటపడిందట. స్తంభాల మీద ఆవు చెవులున్న దేవత ముఖాలు, చాలావాటికి ముక్కూ కళ్ళూ ఎవరో ఎప్పుడో చెక్కేసి పాడుచేశారు. నాకవి చూడబుద్ధి కాలేదు. ఆయనకి మాత్రం కళ్ళ నీళ్ళొక్కటే తక్కువ.

"చూశావటే? మన నెమలికంఠం రీలు రంగు" అన్నారు.

గుడి నేల కింద సన్నటి రహస్యపు గదులున్నాయని, వాటి గోడల మీద బొమ్మలు చాలా నాజూగ్గా ఉంటాయని గైడు చెప్పింది. నేలలో ఒక కంత. నిటారు మెట్లు దిగి, ఒకచోట దాదాపు పాకుతూ వెళ్ళాలి. కాపలావాడు టార్చి పట్టుకుని ముందు దిగాడు.

"నువ్వూ రావే."

"నా వల్ల కాదండీ. ఊపిరాడదు. మీరు వెళ్ళిరండి."

ఆయన దిగారు. లోపలి నుంచి కాసేపు ఆయన గొంతు వినబడింది, తర్వాత ఏమీ వినబడలేదు. గైడు నాకు ఏదో చెబుతూనే ఉంది, నా చెవి మాత్రం ఆ కంత మీదే ఉంది. చివరికి తల కనబడింది. చొక్కా నిండా దుమ్ము, ముఖమంతా చెమట. పైకొచ్చి, ఒక రాతి మీద కూర్చున్నారు.

"రంగులున్నాయా లోపల?" అనడిగాను.

ఆయన నన్ను చూశారు. గోడ చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"మనం ఎక్కడున్నామే?"

వేళాకోళం అనుకున్నాను. "కైలాసంలో" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"కాదే. ఇదేం గుడి? ఎప్పుడొచ్చాం మనం?"

"డెండెరా అండీ. ఈజిప్టు. మీరు కోరుకున్నదేగా!"

"ఈజిప్టా? విమానం ఎక్కామా? మనమా?" అని ఆశ్చర్యపోయారు. తర్వాత కొంచెంసేపు తన చేతులకంటిన దుమ్ము చూసుకున్నారు. మళ్ళీ తలెత్తి, అదే ముఖంతో, అదే గొంతుతో, "మనం ఎక్కడున్నామే?" అన్నారు.

మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మూతి పక్కకి లాగేసింది. నేను ఈయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "నవ్వండి" అన్నాను.

"ఎందుకు?"

"నవ్వమంటున్నానా!"

నవ్వారు. మూతి తిన్నగానే ఉంది. చేతులెత్తమంటే రెండూ ఎత్తారు. నా వేళ్ళు నొక్కమంటే నొప్పెట్టేలా నొక్కారు. తన పేరు చెప్పారు, కొట్టు ఏ వీధిలో ఉందో చెప్పారు, హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఏం చదివిందో చెప్పారు. చెప్పి, "ఇంతకీ ఇదెక్కడ?" అన్నారు.

గైడు మొదట ఎండదెబ్బ అనుకుని నీళ్ళు తాగించింది, మెడ మీద తడిగుడ్డ వేసింది. ఆయన అడిగిందే అడగడం ఆవిడకి భాష తెలియకపోయినా తెలిసిపోయింది. ముఖం మారింది. పక్కకెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చింది.

"లక్సర్ వెళ్ళిపోదాం మేడమ్. స్కానింగ్ ఉన్న ఆసుపత్రి ఉంది, నాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. మీరాయన చెయ్యి వదలకండి."

చెరో పక్క పట్టుకుని నడిపించాం. పట్టుకోనక్కర్లేదు నిజానికి, ఆయన మామూలుగానే నడుస్తున్నారు. పెద్ద మండపంలోకి రాగానే ఆగి, తల పైకెత్తారు.

"అబ్బ! ఆ నీలం చూడవే. నెమలికంఠం రీలు."

అదే మాట. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగి, మళ్ళీ తలెత్తి, మళ్ళీ "అబ్బ" అన్నారు. ఆ సంతోషం చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పక్కనే నడుస్తున్న మనిషి ఎక్కడికో వెళ్ళిపోయాడు, నన్నిక్కడ వదిలేశాడు అనిపించింది. ఈయన ఇలాగే ఉండిపోతే? ఇంటికి తీసుకెళ్ళడం ఎలా? విమానంలో గాల్లో ఉండగా తలుపు తియ్యమంటే?

కారెక్కాం. గైడు ముందు కూర్చుని డ్రైవరుతో అరబ్బీలో గబగబా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళు గొంతు తగ్గించినప్పుడల్లా ఏదో నా దగ్గర దాస్తున్నారనిపించేది. అమ్మాయికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఉన్నా ఏం చెప్పను?

దారి పొడుగునా కాలవ. కాలవ పక్కన చెరకు తోటలు. ట్రాక్టర్ల మీద చెరకు గడలు ఎత్తుగా కట్టుకుని ఫ్యాక్టరీకి పోతున్నారు, రోడ్డు మీద పిప్పి, ఆకు. వెళ్ళేటప్పుడు కూడా అవి చూసి నేనే ముచ్చటపడ్డాను, మన ఉయ్యూరు దారిలాగే ఉందని. ఇప్పుడు ఆయన కిటికీలోంచి చూసి, ఒక్కసారిగా తేలికపడ్డట్టు వెనక్కి ఆనుకున్నారు.

"ఉయ్యూరు వచ్చేస్తున్నామే. అమ్మ అన్నం తినకుండా కూర్చునుంటుంది."

నేను నీళ్ళ సీసా మూత తీసి ఆయనకి అందించాను.

"ఫోన్ చేసి తినెయ్యమని చెప్పు. ఆవిడకి షుగరు."

"అత్తయ్య లేరండీ" అన్నాను. అబద్ధం చెప్పాలని నాకప్పుడు తోచలేదు. "పోయినేడాది పోయారు. మీరే కదండీ మట్టి వేశారు."

ఆయన ముఖం ఎలా అయిందో నేను రాయలేను. ఆవిడ పోయిన రోజు కూడా నేనాయన్ని అలా చూడలేదు, ఆ రోజు వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు ముందు సీటు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చారు. "నాకెవరూ చెప్పలేదేంటే?" అన్నారు. డ్రైవరు అద్దంలోంచి చూసి కారు నెమ్మది చేశాడు. గైడు వెనక్కి తిరిగి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత ఏడుపు ఆగింది. తగ్గడం కాదు, కుళాయి కట్టేసినట్టు ఆగింది. చెంపలు తడిగా ఉన్నాయి, ఎందుకో ఆయనకి తెలియదు. చేత్తో తుడుచుకుని తడి చూసుకున్నారు. కిటికీలోంచి ఇంకో చెరకు ట్రాక్టరు దాటిపోయింది.

"ఉయ్యూరు వచ్చేస్తున్నామే. అమ్మ అన్నం తినకుండా కూర్చునుంటుంది."

"తినెయ్యమని చెప్పానండీ" అన్నాను. "తినేశారంట."

"మంచి పని చేశావు."

ఆ మాటే దారంతా చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆయన మంచి పని చేశావన్నారు. 

మధ్యలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. తుపాకీ భుజాన వేసుకున్న జవాను కారులోకి వంగి చూశాడు. ఈయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏం చేశామే మనం? ఎందుకు పట్టుకున్నారు?" అని గొంతు పెంచారు. జవాను చూపు మారింది. కారు దిగమంటాడేమో, ఈయన్ని లాక్కుపోతాడేమోనని ఈయనకి అడ్డంగా జరిగాను. గైడు దిగి వెళ్ళి, చేతులు తిప్పుతూ, తన తల చూపిస్తూ, గట్టిగా మాట్లాడింది. అతను మమ్మల్ని ఇంకోసారి చూసి, అడ్డం తీయించాడు. తీయించడమే కాదు, ముందు చెక్‌పోస్టుకి వైర్‌లెస్‌లో చెప్పాడట. తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

ఆసుపత్రిలో ఆయన్ని చక్రాల మంచం మీద స్కానింగ్ గదిలోకి తోసుకెళ్ళారు. తలుపు మూసేశారు. నేను లోపలికి వస్తానంటే కుదరదన్నారు. "ఆయన కళ్ళు తెరిస్తే ఎవరూ తెలిసినవాళ్ళుండరు, భయపడతారు" అని తెలుగులోనే అంటున్నాను, ఎవరితో అంటున్నానో తెలియకుండా. బయట బల్ల మీద కూర్చుని జపమాల తీశాను. ఏ పూస దగ్గరున్నానో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. మరిచిపోయిన ప్రతిసారీ నాకూ అంటుకుందేమోనని వణుకు. గైడు ఎక్కడినుంచో టీ తెచ్చింది. నేను తాగలేదు. ఆవిడ తన పెదవులు కదుపుతూ తన ప్రార్థన తను చేసుకుంది.

డాక్టరు వచ్చాడు. మెదడులో రక్తం గడ్డ లేదు, పక్షవాతం కాదు అన్నాడు. ఒక్కోసారి పెద్ద వయసువాళ్ళకి, ఒళ్ళు బాగా శ్రమపడ్డప్పుడు, కొత్త విషయాలు పట్టుకునే శక్తి కొన్ని గంటలు ఆగిపోతుందట. దానికో పెద్ద పేరు చెప్పాడు. చాలామందికి దానంతటదే తిరిగొస్తుందన్నాడు.

"అందరికీనా?" అనడిగాను.

"చాలామందికి" అని మళ్ళీ అన్నాడు.

గదిలో ఆయన పక్కన కూర్చున్నాను. మనం ఎక్కడున్నామే, ఆసుపత్రిలో. ఏమైంది, కళ్ళు తిరిగాయి. అమ్మ తిందా, తినేశారు. సాయంత్రమైంది. కిటికీలో ఎండ పసుపుపచ్చగా మారింది. ఉన్నట్టుండి ఆయన అడగడం మానేశారు. అది నన్ను ఇంకా భయపెట్టింది. మాట కూడా పోయిందా అనుకుని ముఖంలోకి వంగాను.

ఆయన తన కుడిచేతికి గుచ్చిన సెలైన్ సూది చూసుకుంటున్నారు.

"ఇందాక ఎడం చేతికి పెట్టబోయి, నరం దొరక్క దీనికి పెట్టారు కదా" అన్నారు.

అది ఆయన గదిలోకొచ్చాక జరిగింది. గుర్తుంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, కదిలితే పోతుందేమోనని. చాలాసేపటికి ఆయన పైకప్పు చూస్తూ, ఎవరో చెప్పింది ఒప్పుకుంటున్నట్టు, మెల్లగా అన్నారు.

"అమ్మ పోయింది కదే."

"పోయారండీ" అన్నాను. అప్పుడు ఏడ్చాను. వరండాలో ఉన్న గైడు కంగారుగా లోపలికొచ్చింది. ఆయన ఆవిడ వైపు చూసి, నన్నడిగారు, "ఈవిడ పొద్దున్న మనకి నారింజపళ్ళు కొనిచ్చిన గైడు కాదూ?" అని. ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

మిగిలిన గుళ్ళు మానేసి ఇంటికొచ్చేశాం. ఇక్కడ డాక్టరుకి చూపించాం, ఆయనా అదే మాట చెప్పాడు. మావారికి అంతా తిరిగొచ్చింది గానీ ఆ పూట రాలేదు. కారులో నారింజ ఒలుచుకోవడం గుర్తుంది, తర్వాత సెలైన్ సూది. మధ్యలో గుడి లేదు. అంతకాలం చూడాలనుకున్న నీలం, కళ్ళారా అన్నిసార్లు చూసి కూడా, ఆయన దగ్గర లేదు. కొట్లో బేరం లేనప్పుడు నన్ను చెప్పమంటారు. నేను చెబుతాను. కారులో ఏం జరిగిందో కూడా చెప్పాను, అడిగితే దాచలేదు. "అన్నిసార్లు అడిగానా? పాపం, నువ్వు" అన్నారు.

భయం మాత్రం నాతో వచ్చేసింది. తాళాలెక్కడని రెండోసారి అడిగితే నా చేతిలో పని ఆగిపోతుంది. బాత్రూంలో కాస్త ఆలస్యమైతే తలుపు కొడతాను. మళ్ళీ వెళ్దామా అని మొన్న అన్నారు. చూద్దాం లెండి అన్నాను.

రోజూ పొద్దున్న కాఫీ ఇస్తూ ఆయన్ని ఒకటడుగుతాను. ఎందుకడుగుతున్నానో ఆయనకి తెలుసు. విసుక్కోరు.

"రాత్రి ఏం కూర తిన్నామండీ?"

"దొండకాయ వేపుడు. ఉప్పు తక్కువైంది."